అటక మీది టోపీ... నాకు టోపీ పెట్టబోయింది!

‘‘బ్రో, హెల్మెట్ ఉందా? లాస్ట్ ప్రైస్ ఎంత?’’

రాత్రి పదకొండున్నరకి వచ్చిందీ మెసేజ్. అప్పటికి నేను ఫొటోలు పెట్టి రెండు గంటలు కూడా కాలేదు. పాత సామాన్లు అమ్మే యాప్‌లో ‘మిలిటరీ ఇనప టోపీ, పాతది, నర్సీపట్నం’ అని రాసి రూ. 3,000 రేటు పెట్టాను. బేరమాడితే రెండున్నరకి ఇచ్చేద్దామనుకున్నా. పొద్దున లేచేసరికి పంతొమ్మిది మెసేజ్‌లు! అందులో ఒకాయన నేరుగా ఫోన్ చేశాడు. ‘‘తమ్ముడూ, వేరేవాళ్లకి మాటివ్వకు. పదిహేను వేలిస్తా’’ అన్నాడు.

నేను పనిచేసేది మొబైల్ రిపేర్ షాపులో. చెల్లి నర్సింగ్ చదువుతోంది. రెండో విడత ఫీజుకి ఇంకా నలభై వేలు తక్కువ. అలాంటి టైమ్‌లో అటక మీద కోళ్లబుట్ట పక్కన తుప్పు పట్టి పడున్న ఇనప టోపీకి పదిహేను వేలంటే మీరైతే ఏం చేస్తారు? నేనూ అదే చేశాను. ‘‘సరే అన్నా’’ అన్నాను.

కథ అక్కడితో అయిపోవాలి. అవ్వలేదు.

స్పీకర్ మాగ్నెట్‌తో మొదలైంది

‘‘అసలుదో కాదో చూడాలి, ఒక మాగ్నెట్ పెట్టి వీడియో తియ్’’ అన్నాడాయన. మా షాపులో మాగ్నెట్లకేం తక్కువ? పాత స్పీకర్‌లోంచి ఒకటి పీకి టోపీకి ఆనించా. అంటుకోలేదు, జారి కింద పడింది. ఇనుముకి మాగ్నెట్ అంటుకోకపోవడమేంటి? నకిలీదేమో, బేరం పోయిందనుకున్నా. ఆయన మాత్రం తెగ సంబరపడిపోయాడు.

ఎందుకో తర్వాత చదివితే తెలిసింది. మొదటి ప్రపంచ యుద్ధం 1914లో మొదలైనప్పుడు సైనికుల తల మీద ఉన్నవి గుడ్డ టోపీలు, తోలు టోపీలే. జర్మన్ల ముల్లు టోపీ కూడా తోలుదే. పైన పేలే గుండ్ల ముక్కలు నేరుగా నెత్తి మీద పడుతుంటే అవేం ఆపుతాయి? 1915లో ఫ్రాన్స్ ఉక్కు టోపీ తెచ్చింది. అదే ఏడాది జాన్ బ్రోడీ అనే ఆయన బ్రిటన్‌లో పళ్లెం బోర్లించినట్టుండే టోపీకి పేటెంట్ తీసుకున్నాడు. 1916లో జర్మనీ చెవుల దాకా దిగే టోపీ తయారుచేసింది. బ్రిటిష్ టోపీలు ఎక్కువగా హాడ్‌ఫీల్డ్ ఉక్కుతో చేసేవారు. అందులో మాంగనీసు బాగా ఎక్కువ. అందుకే దానికి మాగ్నెట్ అంటుకోదు. డ్రిల్ చేయబోతే ఆ చోట ఇంకా గట్టిపడి బిట్టునే తినేస్తుంది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, కథలో మళ్లీ వస్తుంది.

ఆయన అడిగిన రెండో వీడియో టోపీ లోపలిది. నడినెత్తిన ఒకే ఒక స్క్రూ, దానికి వేలాడుతున్న చీకిపోయిన లైనర్, అంచు కింద ఏవో అక్షరాలు. కంటికి సరిగ్గా ఆనలేదు. గదిలో లైటార్పేసి ఫోన్ టార్చ్‌ని బాగా పక్కకి, అంచుకి దాదాపు సమాంతరంగా పెట్టి ఫొటో తీశా. నీడలు పడి అంకెలు లేచాయి: 1942.

‘‘మన్యం కథ చెప్పు, అరవై వేలు ఇప్పిస్తా’’

మూడో ఫోన్‌లో ఆయన అసలు విషయానికొచ్చాడు.

‘‘మీది నర్సీపట్నమే కదా తమ్ముడూ. అల్లూరి ఏరియా. ఇది మన్యం పోరాటంలో బ్రిటిష్‌వాళ్ల దగ్గర పట్టుకున్న టోపీ, మా తాతల నుంచీ ఇంట్లోనే ఉందని ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టు. నా దగ్గరున్న పార్టీకి అరవై వేలకి ఇప్పిస్తా. ఆ అంచు దగ్గర మూడు కన్నాలున్నాయి చూడు, అవి వెల్డింగ్ చేయించి రంగు కొట్టిద్దాం. లోపలి అంకెలు కూడా రంగు కింద పోతాయిలే.’’

అరవై వేలు. చెల్లి ఫీజు కట్టగా ఇంకా ఇరవై వేలు మిగులుతాయి. అబద్ధం ఎందుకు చెప్పాలి? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తప్పు చేస్తున్నానని కాదు, కాగితం మీద ఏం రాస్తే నమ్ముతారా అని ఆలోచిస్తూ!

నమ్మేలా రాయాలంటే చరిత్ర తెలియాలి కదా. చదవడం మొదలుపెట్టాను.

మా ఊరి వాళ్లకి అల్లూరి అంటే విగ్రహం, సినిమా, జిల్లా పేరు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు మేం అనకాపల్లి జిల్లాలోకి వచ్చాం, పైనున్న చింతపల్లి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లింది. కానీ వందేళ్ల కిందట ఆ పోరాటానికి ఇటు వాకిలి మా ఊరే. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి వెళ్లే రోడ్డు పనిలో గిరిజనులతో అరకొర కూలికి చాకిరీ చేయించిన గూడెం తహసీల్దారు బాస్టియన్ మీద కోపం, పోడు వ్యవసాయం మీద అటవీ చట్టాల ఆంక్షలు... తిరుగుబాటు మొదలవడానికి కారణాల్లో ఇవి ముఖ్యమైనవి.

1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. వరసగా మూడు రోజులు, మూడు స్టేషన్లు. చింతపల్లిలో 11 తుపాకులు తీసుకెళ్లారు. అదే ఏడాది సెప్టెంబర్ 24న దామనపల్లి దగ్గర స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు బ్రిటిష్ అధికారులు చనిపోయారు. వాళ్ల సమాధులు మా నర్సీపట్నంలోనే ఉన్నాయి. తర్వాత మలబార్ స్పెషల్ పోలీసులు వచ్చారు, అస్సాం రైఫిల్స్ వచ్చారు. 1924 మే 7న సీతారామరాజుని కాల్చి చంపారు. సమాధి కృష్ణదేవిపేటలో.

అంటే 1924తో అల్లూరి కథ ముగిసింది. నా చేతిలో ఉన్న టోపీ మీద 1942 అని ఉంది. పైగా ఆ స్క్రూ, ఆ లైనర్ ఉన్న రకం బ్రోడీ టోపీని 1938లో మార్చి చేసిన ‘మార్క్ టూ’. సీతారామరాజు చనిపోయాక పద్నాలుగేళ్లకి పుట్టిన టోపీ అన్నమాట! మా డీలర్ అంకెల మీద రంగు ఎందుకు కొట్టించమన్నాడో అప్పుడర్థమైంది.

ఇంకో మాట నన్ను బాగా పట్టేసింది. సీతారామరాజు స్టేషన్లో ఆయుధాలు తీసుకున్నాక ఏమేం తీసుకున్నారో స్టేషన్ పుస్తకంలో రాసి సంతకం పెట్టి వెళ్లేవారు. దాడి చేసిన మనిషే రసీదు ఇచ్చాడు. నేనేమో ఆయన పేరు మీద దొంగ రసీదు రాయబోతున్నాను.

టోపీ చూసేవాళ్లు రెండు రకాలు

పాత సైనిక టోపీలు సేకరించడం ప్రపంచమంతా ఉన్న పిచ్చి. దాంట్లో డబ్బుంది, కాబట్టి దొంగ సరుకూ ఉంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ టోపీలనే తీసుకోండి. మామూలు టోపీ కంటే నాజీ దళాల గుర్తు అంటించినదానికి రేటు ఎక్కువ. అందుకే అసలు టోపీ మీద నకిలీ గుర్తు అంటించి అమ్మేవాళ్లు బోలెడంతమంది. టోపీ నిజమే, కథ అబద్ధం.

డబ్బు కోసం చూసేవాడు మొదట అడిగేది ‘ఎంత నీట్‌గా ఉంది?’ అని. చదువుకోవడానికి చూసేవాడు ‘ఎక్కడ దొరికింది, ఎవరిది?’ అంటాడు. మొదటివాడికి సొట్ట అంటే నష్టం. రెండోవాడికి ఆ సొట్టలోనే సమాచారం ఉంది. చెమట మరక, మార్చి కుట్టిన దారం, లోపల గీకిన పేరు, పైన పూసిన రెండో రంగు... ఇవన్నీ ఎవరు పెట్టుకున్నారు, ఏ ఎండలో తిరిగారు, తర్వాత ఏమైందో చెప్పే సాక్ష్యాలు. ఒకసారి రుద్దేస్తే మళ్లీ రావు.

ఉదాహరణకి దొరల తెల్ల టోపీ చూడండి. పాత సినిమాల్లో కలెక్టర్ నెత్తిన ఉండే ‘సోలా టోపీ’. సోలార్ టోపీ అనుకునేరు, ఎండకీ ఆ పేరుకీ సంబంధం లేదు! చెరువుల్లో, బురదలో పెరిగే శోలా మొక్క బెండుతో చేస్తారు కాబట్టి ఆ పేరు. మన తెలుగులో జీలుగు బెండు. (మా ఏజెన్సీ జీలుగు కల్లు చెట్టు వేరు, కంగారుపడకండి.) దూదిలా తేలికైన ఆ బెండు ఎండని ఆపుతుందే కానీ తూటాని ఆపదు. అంటే ఆ టోపీ పెట్టుకున్నవాడు ఇక్కడ ఎండకి భయపడ్డాడు. ఉక్కు టోపీ పెట్టుకున్నవాడు గుండ్లకి భయపడ్డాడు. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ సిక్కు సైనికులు ఉక్కు టోపీ వద్దని తలపాగాతోనే పోరాడారు. అది వాళ్ల విశ్వాసం. బర్మా అడవుల్లో పోరాడినవాళ్లు చాలామంది ఒకవైపు అంచు మడిచిన మెత్తటి టోపీలే వాడారు. మా నాన్నమ్మ తరం వాళ్లు పోలీసుని ‘ఎర్రటోపీ’ అనేవారు. తల మీద ఏముందో చూసి ఎవరి మనిషో చెప్పేసే కాలం అది.

విశాఖ బీచ్ రోడ్డులో ఉన్న విశాఖ మ్యూజియంకి వెళ్తే ఒక పేలని బాంబు కనిపిస్తుంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద వేసిన బాంబుల్లో అదొకటి. తూకానికి అమ్మితే పాత ఇనుము. ‘ఎక్కడ, ఎప్పుడు’ అన్న రెండు ముక్కలు తోడయ్యాయి కాబట్టే అది చరిత్ర. నా టోపీకీ ఆ రెండు ముక్కలు కావాలి. ఇంట్లో తెలిసిన మనిషి ఒక్కరే. నాన్నమ్మ.

‘‘అది మీ ముత్తాత తక్కిడి సిప్పరా!’’

నాన్నమ్మకి ఎనభై దాటాయి. టోపీ తెచ్చి ఒళ్లో పెట్టాను. ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేశాను.

‘‘ఏట్రా ఇది? ఓలమ్మ, మీ ముత్తాత తక్కిడి సిప్ప కదా! ఇంకా ఉందేటి?’’

తక్కెడ చిప్పా? అప్పుడు చూశాను ఆ మూడు కన్నాల్ని సరిగ్గా. అంచు చుట్టూ సమాన దూరంలో ఉన్నాయి. చుట్టూ రంగు కాలి నల్లబడింది. డ్రిల్ దిగని ఉక్కు కాబట్టి కమ్మరి కొలిమిలో కాల్చి సలాకుతో పొడిచాడు. కన్నాల పై అంచులు మాత్రం నున్నగా, మెరుస్తూ ఉన్నాయి. ఏళ్ల తరబడి తాడు ఒరుసుకున్న గుర్తు. వెల్డింగ్ చేయించమన్నది వీటినే!

నాన్నమ్మ చెప్పిన దాని ప్రకారం మా ముత్తాత యుద్ధంలో తుపాకీ పట్టలేదు. రోడ్లు వేయడానికి బర్మా వైపు తీసుకెళ్లారట. అప్పట్లో పయనీర్ దళాలని ఉండేవి. రోడ్లు, వంతెనలు, మూటలు మోయడం వాళ్ల పని. తిరిగొచ్చేటప్పుడు టోపీ తెచ్చుకున్నాడు. ఊళ్లో పని లేదు. ఏజెన్సీ సంతల్లో చింతపండు కొని కిందకి తెచ్చి అమ్మడం మొదలుపెట్టాడు. ఇత్తడి చిప్ప కొనడానికి డబ్బుల్లేక టోపీకే తాళ్లు కట్టాడు.

‘‘టోపీ బరువు కదా నాన్నమ్మా, తక్కెడ ఒకపక్కకి వాలిపోదా?’’ అన్నాను.

‘‘వాలిపోద్ది. అందుకే రెండోపక్క రాళ్ల సిప్ప కింద ఓ రాయి కట్టీవోరు.’’

‘‘సరిపోయేదా?’’

నాన్నమ్మ కాసేపు మాట్లాడలేదు. రికార్డింగ్‌లో ఆ చోట ఫ్యాన్ చప్పుడొక్కటే వినిపిస్తుంది.

‘‘నేను కాపురానికొచ్చిన కొత్తల్లో అడిగేను మావని. ఆ రాయి కొంచెం ఎక్కువ బరువే. టోపీలో చింతపండు గుప్పెడు ఎక్కువ పోస్తేనే గానీ ముల్లు నిలబడదు. పైనుంచి కావిళ్లేసుకుని వచ్చీవోలకి వీశెలూ మణుగులూ ఏటి తెలుస్తాయిరా? ప్రతి తూకానికీ గుప్పెడు. ఆ గుప్పెళ్లతోనే ఈ ఇల్లు లేచింది.’’

నాకు నోట మాట రాలేదు.

మన్యంలో చింతపండు, అడ్డాకులు, తేనె తెచ్చే గిరిజనుల్ని సంతల్లో తూకంలో మోసం చేయడం కొత్త విషయమేం కాదు. ప్రైవేటు వ్యాపారుల నుంచి వాళ్లని కాపాడ్డానికే 1956లో విశాఖలో గిరిజన సహకార సంస్థ పెట్టారు. ఇప్పుడు మనం జీసీసీ తేనె, అరకు కాఫీ అని కొనుక్కునేది వాళ్ల దగ్గరే. ఆ చరిత్ర నేను చదివాను. అందులో మోసం చేసిన ‘వ్యాపారులు’ అనే మాట వెనక మా ముత్తాత ఉంటాడని అనుకోలేదు.

ఇప్పుడు డీలర్ రాయమన్న కాగితం ఇంకోసారి తలచుకోండి. ఎవరి కోసం సీతారామరాజు కొండెక్కాడో ఆ మనుషుల్నే తూకంలో ముంచిన చిప్ప ఇది. దాన్ని ఆయన పోరాట గుర్తుగా అమ్మమంటున్నాడు. కన్నాలు పూడ్చి, రంగు కొట్టి!

ఫోన్ చేసి అమ్మనన్నాను. ‘‘కథ లేకపోయినా పర్లేదు, ఇరవై ఇస్తా’’ అన్నాడు. కన్నాలు అలాగే ఉంచుతావా అని అడిగాను. ‘‘కన్నాలున్న టోపీ ఎవడు కొంటాడు తమ్ముడూ?’’ అన్నాడు. ఫోన్ పెట్టేశాను.

మీ అటక మీద కూడా ఉందా?

ఈ మధ్యలో నేను నేర్చుకున్న నాలుగు ముక్కలు. మీ ఇంట్లో పాత టోపీ, బెల్టు, పతకం లాంటిదేమైనా ఉంటే పనికొస్తాయి.

కడగొద్దు, తోమొద్దు. చింతపండు, ఉప్పుకాగితం అసలే వద్దు. పొడి మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపితే చాలు.

ఫొటో తీసేటప్పుడు పక్కన స్కేలు పెట్టండి. లైటు పక్క నుంచి వేసి ఇంకోటి తీయండి. అరిగిపోయిన అక్షరాలు బయటపడతాయి.

ముచ్చటపడి పిల్లల నెత్తిన పెట్టి సెల్ఫీలు తీయకండి. ఆ కాలం టోపీల లైనర్లలో, గ్యాస్ మాస్కుల్లో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. ఆ ధూళి ఊపిరితిత్తులకి మంచిది కాదు.

విదేశీ పార్టీ అంటే జాగ్రత్త. 1972 నాటి చట్టం ప్రకారం వందేళ్లు దాటిన వస్తువు పురావస్తువు. దాన్ని మనంతట మనం దేశం దాటించకూడదు.

అన్నిటికంటే ముఖ్యం, ఇంట్లో పెద్దవాళ్లని ఈ వారమే కూర్చోబెట్టి రికార్డ్ చేయండి. వస్తువు ఇంకో యాభై ఏళ్లయినా ఉంటుంది. చెప్పే మనిషి ఉండరు.

అమ్మడం తప్పని నేననను. అవసరాలు ఎవరికైనా ఉంటాయి, నాకూ ఉన్నాయి. కానీ అమ్మినా, దాచినా దాని నిజం దానితోనే వెళ్లాలి. మనకి నచ్చని నిజమైనా సరే.

చెల్లి ఫీజు ఏమైందంటారా? నాన్న నడుస్తున్న చీటీని మధ్యలోనే పాడేశాడు. లక్ష చీటీలో బాగానే నష్టపోయాం. ఫీజు కట్టాం. ఆ విషయంలో నాన్న ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడడం లేదు.

టోపీ కోసం ఒక అట్టముక్క మీద ఇలా రాశాను: ‘బ్రిటిష్ మార్క్ టూ ఉక్కు టోపీ, 1942. మా ముత్తాత యుద్ధం నుంచి తెచ్చుకున్నాడు. తర్వాత ఏజెన్సీ సంతల్లో చింతపండు తక్కెడ చిప్పగా వాడాడు. మూడు కన్నాలు తాళ్ల కోసం. చెప్పింది నాన్నమ్మ.’

నాన్నమ్మకి చదివి వినిపించాను. అంతా విని అడిగింది:

‘‘రాయి సంగతి రాసేవా?’’

రాయలేదు. రాయాలనిపించలేదు. ఆవిడ ముఖం చూశాక పెన్ను మళ్లీ తీశాను.